యొర్దాను ఫొటో పంపను

బర్మింగ్‌హామ్,
3 మార్చి 2012

ఏమండీ,

ప్రభువు దయ వల్ల ఇక్కడ నేను బాగున్నాను. మీరూ అత్తయ్యగారూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. నా మోకాలి నొప్పి సంగతి అడిగారు. ఇక్కడి డాక్టరు ఇచ్చిన మాత్రలకన్నా అత్తయ్యగారి నూనే నయం. కేర్ హోమ్‌లో డ్యూటీల రోటా మారింది, ఆదివారాలు చర్చికి వెళ్లగలుగుతున్నాను.

ఇక మీరడిగిన ఫొటో. మన చర్చిలో బాప్తిస్మం తొట్టి వెనక గోడ మీద మీరు గీసిన యొర్దాను నదికి సున్నం కొట్టి, ఈస్టర్‌లోపు మళ్లీ గీయమని పాస్టరుగారు అన్నారనీ, అసలు నది ఫొటో పంపమనీ రాశారు. నేను పంపను. ఎందుకో చెబుతాను, కోప్పడకుండా చదవండి.

మొన్న మా హోమ్‌లో ఉండే మార్గరెట్ ఆంటీని వీల్‌చెయిర్‌లో బొమ్మల గ్యాలరీకి తీసుకెళ్లాను. ఆవిడ ఒకప్పుడు డ్రాయింగ్ టీచరు. అక్కడ నూటయాభై ఏళ్ల కిందటి ఫ్రెంచి చిత్రం ఒకటుంది. చెరువు, పొగమంచు, ఒరిగిన చెట్టు, అంతే. దాని ముందు నాకు కాళ్లు కదల్లేదు. నీటి చల్లదనం మొహానికి తగిలింది, నిజం.

"చెరువు గట్టున కూర్చుని వేశాడా ఆంటీ?" అన్నాను.

"నో, లవ్. ఎప్పుడో చూసింది, తర్వాత గదిలో కూర్చుని వేశాడు. ఆ రోజుల్లో పారిస్‌లో ఒక మాస్టారు శిష్యుల్ని ఊరిబయటికి తీసుకెళ్లి, ఊరికే చూడమనేవాడు. గీయడం ఇంటికొచ్చాకే."

కళ్లెదుట లేని నీళ్లను ఒక మనిషి అంత తడిగా ఎలా దాచుకున్నాడో! దేవుడా అనుకున్నాను. వెంటనే మీ గోడ గుర్తొచ్చింది, సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనే దొరికిపోతున్నాను. అది యొర్దాను కాదని పాస్టరుగారికి చెప్పిందెవరని మీరు ఊరందరినీ అనుమానించారు కదా, చెప్పింది నేనే. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఆ తాటిచెట్లూ, ఏరు దాటే పంటూ చూసి, బోర్డులు రాసుకునే మా ఆయనకి యొర్దానుకీ గోదావరికీ తేడా తెలియదని నలుగురూ నవ్వుతారని భయపడ్డాను. "అది మన రేవండీ, చెరిపించెయ్యండి" అన్నాను. నన్ను క్షమించండి. చెరపొద్దని పాస్టరుగారికి రాసిన ఉత్తరం ఇందులోనే ఉంది, మీ చేత్తో ఇవ్వండి.

ఆ పంటులో ఎర్రసంచి పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్న ఆడమనిషి ఎవరో అప్పుడు నాకు తట్టలేదు. ఆ సంచీతోనే నేను మొదటిసారి ఈ దేశానికి బయల్దేరాను. మీరు రేవులో నిలబడిపోయారు. నాలుగేళ్లయింది. ఆ వేళ వెనక్కి తిరిగానని నాకే గుర్తు లేదండీ.

ఇట్లు,
వెనక్కి తిరిగి చూసిన మీ ఇంటిది,
కృపామణి