ముందు మీరు తీసుకోండి

అక్కా,

మీ అమ్మాయి కోసం నువ్వు చూసిరమ్మన్న పెళ్లికొడుకును ఈ పరాయి దేశపు మహానగరంలో, ఓ ఇటాలియన్ పిజ్జా హోటల్లో కలిశాను. పొగలు కక్కుతూ పిజ్జా వచ్చింది.

"ముందు మీరు తీసుకోండి" అన్నాడు.

"అబ్బే, ఇప్పుడే తినొచ్చాను. నువ్వు కానివ్వు బాబూ."

"నాకూ ఆకల్లేదండీ."

నిజానికి పొద్దున్నుంచీ కడుపు మాడ్చుకుని ఉన్నాను. ఇంకొక్కసారి బలవంతం చేస్తాడేమోనని చూశాను. అతనూ నావైపు అలాగే చూశాడు. ఇద్దరం చేతులడ్డం పెట్టడం చూసి, వెయిటర్ పిజ్జా మొత్తం ఎత్తుకుపోయాడు.

బయటికొచ్చాక "చాలా బాగుంది కదండీ!" అన్నాడు.

"అద్భుతం!" అన్నాను.

అచ్చం మనింటి మనిషే. ముహూర్తం పెట్టించు. పెళ్లి భోజనాల్లో మాత్రం మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టకు.

ఇంకా ఆకలితోనే,
నీ తమ్ముడు