నీ జల్లెడ చట్రం

ఓబుళమ్మా,

నిన్ను పేరు పెట్టి పిలవాలంటే ఇప్పటికీ సిగ్గే. నువ్వు పోయిన ఏడాదికి మన మనవరాలు లక్ష్మికి కూతురు పుట్టింది. పాప నిద్రలో ఉలిక్కిపడుతోందని, చెడ్డ కలలను పట్టే డ్రీమ్‌క్యాచర్ ఊయలకు కట్టాలంది లక్ష్మి. ఫోన్‌లో బొమ్మ చూపించింది. గుండ్రటి చట్రం, లోపల దారాల వల, కింద ఈకలు. నేనే చేసిస్తానన్నాను. చిల్లుపడిన నీ జల్లెడ చట్రానికి నూలుదారం అల్లాను. ఈకలు మన పుంజువే.

లక్ష్మి పకపకా నవ్వింది. "ఏం తాతా, అవ్వ జల్లెడ తెచ్చినావే! కలలేమన్నా జొన్నపిండా?"

"అంతే కదమ్మా. పొట్టు పైన నిలుస్తాది, మంచిది కిందికి రాలుతాది" అన్నాను.

ఇవాళ పాప ఉలిక్కిపడలేదు. నిద్రలోనే బోసినోటితో నవ్వింది.

"చూడు తాతా, అవ్వ జల్లిస్తాండాది" అంది లక్ష్మి.