ఊడని మూత

డిసెంబర్ 1, ఆదివారం

అక్షరాలు వంకర పోతున్నాయి.

మా పక్క చేను మల్లమ్మ పత్తిలో పడింది రాకెట్. ఆమె పత్తి ఏరుతున్న సాలుకు పక్క సాలులోనే. ముక్కు నేలలో దిగబడి, తోక పైకి...

పొద్దున ఎంత సంబరం! మా అమ్మాయి స్రవంతి, ఆమెతో ఇంజనీరింగ్ చదివే కిరణ్ హైదరాబాద్ నుంచి తెచ్చారు. నా అంత ఎత్తు. బోరు ఎండి సాగు లేక పడావు పడ్డ మా చేనులో నిలబెట్టారు. చుట్టుపక్కల చేన్ల వాళ్లకు చెప్పే వచ్చాం. మల్లమ్మ వాగు దిక్కు నుంచి ఎప్పుడు వచ్చిందో ఎవరం చూడలేదు.

పైకి పోవడం మాత్రం... మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఎత్తు చివరికి చేరాక లోపలి గొడుగు, అదే పారాచూట్, విచ్చుకుని మెల్లగా దిగాలి. విచ్చుకోలేదు. గద్ద వాలినట్టు వాలింది.

మల్లమ్మ ఒడిలోని పత్తి అంతా నేల మీద. అరవలేదు. ఏడవలేదు. అట్లా నిలబడిపోయింది.

"తాకిందా అత్తా?" స్రవంతి పరుగెత్తి అడిగింది.

"తాకలే బిడ్డ."

డిసెంబర్ 2

కిరణ్ నిన్ననే వెళ్లిపోయాడు. గొడుగు మడతలో తప్పు అన్నాడు. స్రవంతి వెళ్లలేదు. పొద్దుటి నుంచి అరుగు మీద కూర్చుని రాకెట్‌ను విప్పుతోంది.

గొడుగు మడతలు ఒక్కొక్కటే తీస్తుంటే గుడ్డలోంచి నల్లటి రవ్వలు రాలాయి.

"బాపూ, ఇగో. కాలని మందు."

అప్పుడు చెప్పింది నాకు. రాకెట్‌ను పైకి తోసే మోటారు అంటే ఒక అల్యూమినియం గొట్టం. (ఇన్నాళ్లూ నేను బోరు మోటారే ఊహించుకున్నాను.) ఒకసారి కాల్చి పారేసేది కాదు, ప్రతిసారీ కొత్త ఇంధనం పెట్టి మళ్లీ వాడేది. దాని నెత్తిన చిన్న గిన్నె, అందులో తుపాకిమందు, మీద మూత. రాకెట్ పైకి చేరాక నిప్పు ఆ గిన్నెను అందుకుంటుంది. మందు డుబ్బుమని పేలి ముక్కును ఊడగొట్టి గొడుగును బయటికి తోస్తుంది. నిన్న దారిలోనే మూత ఊడింది. మందు ఒలికిపోయింది. నిప్పు వచ్చేసరికి గిన్నె ఖాళీ.

"మూత పెట్టింది ఎవరు?"

"నేనే."

రవ్వలన్నీ కాగితంలోకి ఎత్తుకుంది.

డిసెంబర్ 3

నా భార్య పద్మ కోపం ఇంకా తగ్గలేదు. "బిడ్డ చదువు చదువులెక్క ఉండాలె. గీ రాకెట్లు మన ఇంట్ల వద్దు." ఊరి పెద్దల మాట కూడా వచ్చింది: మల్లమ్మ ఒప్పుకుంటేనే మళ్లీ ఎగరేయాలి, లేకుంటే లేదు.

సాయంత్రం మల్లమ్మ ఇంటికి వెళ్లాం. దారిలో స్రవంతికి చెప్పాను — జరంత తగ్గించి చెప్పు బిడ్డా, ఉన్నదంతా చెప్పి భయపెట్టకు. తల ఊపింది.

మల్లమ్మ ముందుగా పీట వేసింది. తరువాత అడిగింది.

"అది నా మీద పడితే ఏమైతుండె?"

"పానం పోతుండె అత్తా."

మల్లమ్మ స్రవంతి ముఖంలోకే చూస్తోంది.

"తప్పెవలది?"

"నాది. మందు మీద మూత నేనే పెట్టిన. వేలితోని వత్తి సరిపోతదనుకున్న. ఊడింది."

బయట మేక దగ్గింది.

"మల్ల ఊడకుండ చేస్తవా?"

"చేసి ముందుగాల నీకే చూపిస్త. నువ్వొద్దంటే ఎగరెయ్య."

తరగతిలో నిజాయితీ గురించి ఎన్ని పాఠాలు చెప్పానో. మల్లమ్మ పీట మీద కూర్చుని ఈరోజు విన్నాను.

డిసెంబర్ 7, శనివారం

స్రవంతి హాస్టల్ నుంచి వచ్చింది. వస్తూనే వంటింట్లోకి — "అమ్మా, ఆవాలేవి?"

మందుకు బదులు ఆవాలు. గిన్నెలో పోసి, పాత పద్ధతిలో మూత పెట్టి, పేపరు పరిచి ఊపింది. టపటపా అన్నీ కింద! పద్మ కోపంగానే చూస్తోంది, కానీ పొయ్యి దగ్గరికి వెళ్లలేదు.

రెండోసారి చుట్టూ టేపు బిర్రుగా చుట్టింది. ఎంత ఊపినా ఒక్క గింజ రాలేదు. "అయిపోయింది!" అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"గట్ల బిగిస్తే మందు పేలినప్పుడు సక్కగ తెర్సుకోదు బాపూ. దారిల ఊడొద్దు. టైముకు ఇడవాలె."

ముప్పై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఇంత చిన్న మాటల్లో ఇంత బరువు పెట్టడం నాకు రాలేదు.

సాయంత్రం దాకా అదే పని. చివరికి — ఆవాల మీద ఖాళీ మిగలకుండా పల్చటి కాగితం మెత్తగా కూరి, గిన్నె నోటికి సరిపడా గుండ్రంగా కత్తిరించిన కాగితం పెట్టి, అంచుల మీద మాత్రం సన్నటి టేపు. గింజ కదలడానికి జాగా లేదు. పైన కాగితమే కాబట్టి పేలితే చిరిగిపోతుంది. విప్పింది, మళ్లీ చేసింది. మళ్లీ విప్పింది. విసుగన్నది లేదు. ఈ ఓపిక ఎవరి పోలిక? నాది కాదు. పద్మది కావచ్చు.

డిసెంబర్ 8, ఆదివారం

మల్లమ్మ వచ్చింది. స్రవంతి గొట్టం చేతికిచ్చి, "నీకెంత బలముంటే అంత ఊపు అత్తా" అంది.

ఊపింది! చేటతో చెరిగినట్టు, మేకను అదిలించినట్టు. గడపకేసి కొట్టింది. చెవి దగ్గర పెట్టుకుంది. "సప్పుడే లేదు." పేపరు మీద ఒక్క ఆవగింజ లేదు.

"ఇగ ఎగరెయ్యి. నేనొచ్చి సూస్త."

"దూరంగ నిలబడి సూడాలె."

"దూరంగనే. నాకేమన్న పిచ్చా?"

ముందు నవ్వింది మల్లమ్మే. తరువాత పద్మ.

డిసెంబర్ 14

నేల మీద పరీక్ష. ఇంధనం లేదు, గిన్నెలో మందు మాత్రమే. రాకెట్‌ను చేనులో పడుకోబెట్టి, అందరినీ దూరం పంపి, పొడుగు తీగతో నిప్పు ముట్టించింది.

డుబ్!

ముక్కు ఎగిరి పడింది. ఎర్రటి గొడుగు మట్టిలో పరుచుకుంది. పద్మ చప్పట్లు కొట్టి, కొట్టినందుకు సిగ్గుపడింది.

కిరణ్ కూడా వచ్చాడు. కాలి చిరిగిన కాగితం ముక్కను ఏరి చేతిలో తిప్పి చూశాడు. "గొడుగు మడత కాదు. నేనే తొందరపడి అన్న."

"సరే గని, ఆ కొస పట్టు. మడుద్దాం" అంది స్రవంతి. అంతే. మనసులో పెట్టుకోవడం తెలియని పిల్ల.

డిసెంబర్ 21

రేపే ఎగరేసేది. ఊరందరికీ చెప్పాం.

డిసెంబర్ 22, ఆదివారం

ఎగరలేదు.

సగం ఊరు వచ్చింది. మల్లమ్మ కొత్త చీర కట్టుకుంది. అంతా సిద్ధం... గాలి లేచింది. కట్టెకు కట్టిన గుడ్డపేలిక శ్రీశైలం రోడ్డు వైపు అడ్డంగా చాచుకుని కొట్టుకుంటోంది. స్రవంతి దాన్నే చూస్తోంది. ఆగుతుందేమోనని ఎదురు చూశాం. ఆగలేదు.

"గింతమంది వచ్చిన్రు. ఒక్కసారి వదులుదాం" అన్నాడు కిరణ్.

"గొడుగు తెర్సుకుంటే రోడ్డు మీదికి పోతది. బస్సులు తిరుగుతున్నయి. ఇయ్యాల ఎగరెయ్యం."

వెనక ఎవరో నవ్వారు. "గీమాత్రం దానికి పిల్సిన్రా?" స్రవంతి చెవులు ఎర్రబడ్డాయి. అయినా తీగలు విప్పింది. మోటారు బయటికి తీసింది. అంచు టేపు ఒలిచి, మందును పిసరు కూడా పోకుండా డబ్బాలోకి వంచింది. వారం రోజుల పని. వేళ్లు కొంచెం కూడా తొందరపడలేదు.

"ఆ పిల్లకు తెలుసు. పోండ్రి ఇగ" అని మల్లమ్మే అందరినీ కదిలించింది.

నేనైతే ఎగరేసి ఉండేవాణ్ణి. ఆ నవ్వుకు భయపడి ఎగరేసి ఉండేవాణ్ణి.

డిసెంబర్ 23

పొద్దున స్రవంతిని కల్వకుర్తిలో బస్సెక్కించాను. ఇక మళ్లీ ఆదివారమే ఎగరేయడం. కిటికీ పక్కన కూర్చోగానే నిద్రపోయింది.

సాయంత్రం బడి నుంచి నేరుగా చేనుకు వెళ్లాను. గాలి పూర్తిగా పడిపోయింది. మల్లమ్మ పొయ్యి పొగ నిలువుగా లేస్తోంది. అదే సమయానికి ఫోన్.

"బాపూ, గాలెట్లున్నది?"

అబద్ధం చెబుదామా అనిపించింది, ఆమె బాధపడకుండా.

"ఆకు కదుల్తలేదు బిడ్డా."



"ఆదివారం దాంక గట్లనే ఉండమను" అని నవ్వింది.

తూర్పున మబ్బు పడుతోంది.