సహరి పూట రెండు మాత్రలు

గార్లదిన్నె, 6-1-1964, సోమవారం.
నా పుస్తకంలో రాసుకున్నది, ఈ పొద్దు చేసిన పనులు: దూరపు బావి నుంచి నీళ్లు నాలుగు బిందెలు. జొన్నలు మూడు శేర్లు విసిరినాను. విత్తనానికి చెనిక్కాయలు ఏరి మూట కట్టినాను. నాగలక్ష్మమ్మ ఇంటికి పోయి వచ్చినాను.

తమ్ముడు హుస్సేన్ బాషాకు అక్క రంజాన్ బీ దువా.

ఈడ అందరం క్షేమం. అందరం అంటే ఇప్పుడు నేనూ, నా కూతురు హబీబానే. వాళ్ల నాయన కుట్టు మిషన్ మీద అదే కూర్చుంటాంది. ఆయన మాదిరే దారం పంటితో కొరుకుతుంది, వద్దంటే వినదు. గుంతకల్లులో నువ్వూ, గౌస్‌బీ, పిల్లలూ బాగుండారని తలుస్తాను.

ఊళ్లో నీళ్ల సంగతి నువ్వడిగినావు కాబట్టి రాస్తాండా. మన బావిలో అడుగు కనిపిస్తాంది. ఆవును అమ్మేసినాం, మేత లేక.

ఇంకొకటి అడిగినావు. డాక్టరు నీకు చక్కెర జబ్బు మాత్రలు రాసినాడనీ, పది రోజుల్లో రంజాను కదా, బావ రోజా ఉపవాసం ఉంటా మాత్రలు ఎట్ల మింగేవాడో ఆ పద్ధతి రాయమనీ. ఆ ఉత్తరాన్ని నాలుగు రోజులు జొన్నల డబ్బాలో దాచినాను.

మీ బావకు గుండె ఆగిందని అందరికీ చెప్పినాను. అది నిజం కాదు.

ఆయనకు రోజుకు మూడు మాత్రలు, మూడు పూటలా అన్నం తిన్నాక. రోజాలో మధ్యాహ్నం మింగకూడదు కదా. మాత్రకొక గీత గీసే నా పుస్తకంలో మూడు గీతలు పడాలని, తెల్లవారకముందు తినే సహరి పూట రెండు, పొద్దుగూకి రోజా విడిచినాక ఒకటి ఇచ్చినాను. డాక్టరును అడగలేదు. పదిహేడు రోజాలు గడిచినాయి. పద్దెనిమిదో నాడు కడుపు బాగలేదని రెండు ముద్దలే తిన్నాడు. మాత్రలు మాత్రం రెండూ ఇచ్చినాను.

పండగ బట్టల పని మీద ఉండాడు. మూడు గంటలప్పుడు పక్కింటి నాగలక్ష్మమ్మ కొడుకు చొక్కా కోసం వచ్చింది.

"ఏమన్నా, చేతులట్ల వణుకుతాండాయే. చొక్కా అంతా చెమటే."

"కుట్టు వంకర పోయిందని కూలి తగ్గిస్తావా ఏమి?" అని నవ్వినాడు. మాట ముద్దగా వచ్చింది.

ఆమె పరుగున పోయి బెల్లం నీళ్లు కలిపి తెచ్చింది. అప్పటికి ఆయన మింగగలడు తమ్ముడూ. నేనే చెంబు తోసేసినాను. "చక్కెర జబ్బు మనిషికి బెల్లమా? సంపుతావా ఏమి?" అన్నాను. నీళ్లన్నీ నేల పాలైనాయి. కాసేపటికి ఆయన తెలివి తప్పినాడు. బస్సులో అనంతపురం చేర్చేసరికి చీకటి పడింది. తెల్లవారకముందే పోయినాడు.

ఆడి ఆస్పత్రి డాక్టరు చెప్పినాడు. మాత్ర చక్కెరను దించుతాది, తిండి లేకుంటే మరీ దించుతాది. చెమట, వణుకు, మాట తడబాటు దాని గుర్తులు. మింగగలిగినప్పుడే బెల్లం పెట్టాలంట. తెలివి తప్పినాక నోట్లో ఏమీ పోయకూడదంట.

కాబట్టి నా పద్ధతి పట్టుకోవద్దు. రంజాను రాకముందే డాక్టరు దగ్గరికి పోయి రోజా ఉండొచ్చునా, మాత్ర ఎట్లని అడుగు. వద్దంటే ఉండొద్దు, జబ్బు మనిషికి మన మతంలో సెలవుండాది. నీ అంతట నువ్వు మాత్ర మానొద్దు, రెండు కలపొద్దు. వణుకు వస్తే రోజా విడిచి బెల్లం తిను. ఈ ఉత్తరం గౌస్‌బీకి చదివి వినిపించు. ఆ పొద్దు తెలియాల్సింది ఇంటి ఆడదానికే.

నాగలక్ష్మమ్మ ఏడాదిగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. పొద్దున బెల్లం గడ్డ తీసుకుపోయి ఆమె ముందర పెట్టి, నీ ఉత్తరం సంగతి చెప్పి, తప్పు నాదే అన్నాను. ఆమె గడ్డను గడప మీద కొట్టి రెండు చేసింది.

"సగం మీ తమ్మునికి పంపక్కా. జేబులో పెట్టుకోమను."

ఈ పొట్లం అదే. చీమలు పట్టకుండా గుడ్డలో కట్టినాను.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
రంజాన్ బీ.

పుస్తకంలో రాసుకున్నది: నాగలక్ష్మమ్మకు బెల్లం, పోయిన రంజాను పద్దెనిమిదో రోజుది. ఈ పొద్దు ఇచ్చినాను. ఆమెకు నేను పడిన బాకీ తీరింది.