నీళ్ల మీద ఎంతసేపున్నాను?

జూన్ 9, సోమవారం

అన్నయ్యా,

ముందు నమస్కారం, తర్వాత క్షేమసమాచారం, ఆ తర్వాతే నా గొడవ. ఇక్కడ మేమంతా కులాసా. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నోటి జోరు మాత్రం తగ్గలేదు. వదిననీ బుజ్జిదాన్నీ అడిగానని చెప్పు. ఫోనుండగా ఈ ఉత్తరమేంటని విసుక్కోకు. ఈ సంగతి ఫోన్లో ఎత్తినప్పుడల్లా నవ్వేసి మాట మారుస్తావు. కాగితం ముందు ఆ పప్పులుడకవు.

నా పని నీకు తెలుసు గానీ ఎప్పుడూ వచ్చి చూడలేదు కాబట్టి చెప్తున్నాను. మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలకి నేను నేర్పేది పోటీల ఈత కాదు. పొరపాటున నీళ్లలో పడితే ప్రాణం నిలుపుకోవడం. గిర్రున వెల్లకిలా తిరగాలి, ముక్కూ నోరూ పైకుంచి తేలాలి, ఊపిరి తీసుకోవాలి, గట్టు దొరికితే పట్టుకోవాలి. చివరి వారం మామూలు బట్టలతో, బూట్లతో దింపుతాను. ఈత బట్టలు తొడుక్కుని ఏ పిల్లా పొరపాటున నీళ్లలో పడదు కదా!

తల్లిదండ్రులకి కూడా రోజూ ఒక పాఠం ఉంటుంది. చెంబు మునిగితే బుడబుడమంటుంది, పిల్ల మునిగితే అదీ వినబడదు, అందుకని కళ్లు ఫోను మీద కాదు పిల్ల మీదుండాలి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉండాలి అని. ఎంత బాగా నేర్చిన పిల్లయినా సరే, ఆ చెయ్యి ఉండాల్సిందే.

అసలు విషయానికొస్తాను. పోయిన బుధవారం కొత్తగా ఒక పిల్ల చేరింది. మూడున్నరేళ్లు. బుగ్గలు చూసి బుడగ అని పేరు పెట్టుకున్నాం. వాళ్లమ్మ బట్టలు కుట్టే మనిషి. ఆవిడ గట్టు మీద ఫారం నింపుతుంటే ఈ పిల్ల అంచు వెంట నడుస్తూ జర్రున జారి లోపల పడింది. నేను నీళ్లలోనే ఉన్నాను, పదడుగుల దూరంలో. నేను చేరేలోగా అది పైకొచ్చి, వెల్లకిలా తిరిగి, చేతులు బార్లా చాపుకుని పైకప్పు వంక చూస్తోంది! నాలుగు సెకన్లు ఉంటాయేమో. ఏడుపు లేదు, కేక లేదు.

పిల్లని ఒళ్లోకి ఇచ్చాక, దీనికి ఇది ఎవరు నేర్పారమ్మా అని అడిగాను. ఆవిడ పిల్లని తువ్వాల్లో చుట్టుకుంటూ, "ఎవరూ నేర్పలేదు మేడమ్. సబ్బు కళ్లలో పడుతుందని ఏడుస్తుంది. అందుకని టబ్బులో వెల్లకిలా పడుకోబెట్టి, అదిగో బల్లి, పైకి చూడవే అంటూ తల కడుగుతాను, అంతే" అంది.

అప్పట్నుంచీ నా బుర్రలో పురుగు దొలుస్తోంది. మనింటి పక్క మిల్లు ట్యాంకులో నేను పడ్డప్పుడు నాకు నాలుగేళ్లు, నీకు తొమ్మిది. నిప్పంటుకుంటే వాడడానికి కట్టిన ట్యాంకు, ఒక వైపు మెట్లు, ఇంకో వైపు నీళ్లు పోసే గొట్టం. నేను పడగానే నువ్వు దూకి బయటకి లాగావని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. చుట్టాలందరూ నిన్ను గజఈతగాడని పిలుస్తూనే ఉన్నారు. మరి నాకు గుర్తున్నదేంటో తెలుసా? ఆకాశం. చెవుల నిండా నీళ్లు. ఆ నీళ్లలోంచి మిల్లు మోటారు గుయ్యిమనడం. నువ్వు దూకిన చప్పుడు గుర్తులేదు.

వెంటనే లాగేస్తే అంత ఆకాశం చూసే తీరిక నాకెక్కడిది? అమ్మ కూడా నన్ను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకునే తల కడిగేది. దానివల్ల తేలానా? గౌను కింద గాలి చేరిందా? ఎంతసేపు తేలాను? అప్పుడు చూసినవాడివి నువ్వొక్కడివే. తప్పు పట్టడానికి కాదు, ముప్పై ఏళ్లు ఈ కథ విని, పదేళ్లు ఈ పనే చేసి, ఇప్పటికి అడగాలనిపించింది.

ఇంకో మాట. మీ కొత్త అపార్ట్‌మెంట్లో ఈత కొలనుందట, గేటుకి గడియ సరిగా పడదట. వదిన చెప్పింది. బుజ్జిదాన్ని నా దగ్గరికి పంపమంటే, నేనుండగా దానికి ఈతెందుకు అన్నావట. అదేం మాట అన్నయ్యా? నువ్వు రోజంతా లిఫ్టులు బాగుచేస్తూ ఊరంతా తిరుగుతావు కదా!

జవాబు రాయి. తప్పించుకోకు.

నీ చెల్లెలు

*

జూన్ 17, మంగళవారం

చెల్లాయ్,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. బుజ్జిదానికి ముందు పన్ను ఊడింది, పళ్లు కనబడకుండా నవ్వడం నేర్చుకుంటోంది. నీ బుడగ కథ వదినకి చదివి వినిపించాను. అప్పుడే ఆ తల్లికి వీరాభిమాని అయిపోయింది.

నువ్వు చిన్నప్పట్నుంచీ ఇంతే. గడియారం ఇస్తే టైము చూడవు, మూత ఊడదీస్తావు. దానికిప్పుడు నేనేం చెప్పను? పడ్డావు, లాగాను, బతికావు. అమ్మ చెప్పేదే కథ. ఎంతసేపంటే ఎలా గుర్తుంటుంది? తొమ్మిదేళ్లవాడి చేతికి వాచీ ఉంటుందా?

గేటు గడియ నేనే బాగుచేశాను. పిల్లలకి అందనంత ఎత్తులో బిగించి, గేటు దానంతటదే మూసుకునేలా స్ప్రింగు కూడా పెట్టాను. వాచ్‌మన్ నాలుగు రోజులు చూసి, "లిఫ్టు తలుపు కంటే నయంగా మూసుకుంటోంది సార్" అన్నాడు. కాబట్టి బెంగపడకు. బుజ్జిదాని సంగతి సెలవుల్లో చూద్దాం. అమ్మని మెట్లు జాగ్రత్తగా దిగమను.

మీ అన్నయ్య

తా.క. కవరు అంటించాను, మళ్లీ చింపాను. ఇది వదిన కూడా ఇంకా చదవలేదు.

నేను దూకలేదు.

బంతి కోసం వంగి నువ్వు పడ్డావు. నేను గట్టు మీద నిలబడిపోయాను. కాళ్లు రాలేదు. అరుద్దామంటే గొంతు రాలేదు. మునిగే పిల్ల అరవదని రాశావు, చూస్తున్నవాడు కూడా అరవలేడు. నువ్వు ఒకసారి కిందకి వెళ్లి పైకొచ్చావు, వెల్లకిలా. గౌను చుట్టూ ఉబ్బింది. కళ్లు తెరిచి పైకి చూస్తున్నావు. గొట్టంలోంచి పడే నీళ్లు నిన్ను మెల్లగా మెట్ల వైపు నెట్టుకుంటూ వచ్చాయి. ఎంతసేపని అడిగావు. నాకు నిజంగానే తెలియదు. పక్క షెడ్డులో ఎవరో పాట మొదలుపెట్టి పూర్తిచేశారు, అది మాత్రం తెలుసు. నువ్వు మెట్టుకి తగిలాక చెయ్యి పట్టుకుని పైకి లాగాను. అప్పుడే నా కాళ్లు కదిలాయి.

తర్వాత చేసింది చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. నిన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, నేను మూడో మెట్టు దాకా దిగి మెడ వరకు మునిగాను. జుట్టు కూడా తడుపుకున్నాను. అప్పుడు అమ్మని కేకేశాను.

నిన్ను ఎవరూ కాపాడలేదు చెల్లాయ్. నువ్వే తేలావు.

మొన్న ఆదివారం బుజ్జిదాన్ని కొలను దగ్గరికి తీసుకెళ్లాం. చిన్నపిల్లల మెట్టు మీద జారి గుండెల్లోతు నీళ్లలో పడి మునిగింది. నేను మూడడుగుల దూరంలో కుర్చీలో ఉన్నాను. లేవలేకపోయాను. అవే కాళ్లు. చీర తడుస్తుందని కూడా చూడకుండా వదినే దిగి ఎత్తుకుంది. నాకేదో తిమ్మిరి పట్టిందనుకుంది.

నేనుండగా దానికి ఈతెందుకన్నది గర్వంతో కాదు. నీ దగ్గరికొస్తే నువ్వు ఇవన్నీ అడుగుతావని భయం.

శనివారం ముగ్గురం వస్తున్నాం. దానికి నేర్పు. ఆ గట్టు మీద కూర్చునే తల్లిదండ్రుల్లో నాలాంటివాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారేమో, కాళ్లు కదలడం ఎలా నేర్పాలో అది కూడా చూడు.

అమ్మకి నేనే చెప్తాను. నువ్వు ముందే చెప్పకు. ఆవిడ ఎదురుగా కూర్చుని, నా నోటితో చెప్పాలి.