తెల్ల కండువా

టౌరంగా, మార్చి 9

ప్రియమైన నాన్నకి,

ఫోన్లో మతియాస్ పేరెత్తగానే "సిగ్నల్ లేదమ్మా" అంటున్నావు. సిటీలో భాగమైన పాపటోయిటోయిలో సిగ్నల్ లేకపోవడమేమిటి నాన్నా? అందుకే ఉత్తరం రాస్తున్నా. దీన్ని కట్ చేయలేవుగా.

నేను మతియాస్‌ని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను, నువ్వు సరేనంటేనే. అమ్మ ఎప్పుడో ఒప్పుకుంది. "వాళ్లెలాంటివాళ్లో మనకేం తెలుసు?" అన్నావు కదా, అదే ప్రశ్న వాళ్ల తాతయ్యని అడిగాను. మతియాస్‌ని పెంచింది ఆయనే. పేరు అనిబాల్, ఎనభై దాటాయి. ఉరుగ్వే నుంచి వచ్చి ఇక్కడి కివీఫ్రూట్ తోటల్లో పనిచేశాడు. గోడ మీది ఎర్రజెండా చూపించి, "మేం కొలరాడో పార్టీ వాళ్లం. మా తాత, ముత్తాత అందరూ అదే" అన్నాడు. కులగోత్రాలన్నీ అందులోనే వచ్చేశాయట!

ఈ దేశం రాకముందు గుంటూరు కాలేజీలో పాలిటిక్స్ చెప్పినవాడివి. ఆ పార్టీ సంగతేమిటో నువ్వే చూసి చెప్పు.

నీ ముద్దుల కూతురు,
శ్రావ్య

*

పాపటోయిటోయి, మార్చి 23

చిట్టితల్లి శ్రావ్యకి,

నాన్న బలహీనత పట్టేశావు. వేర్‌హౌస్ షిఫ్ట్ దిగి వచ్చి రోజూ ఉరుగ్వేలోనే కూర్చుంటున్నాను. మీ అమ్మ పిలిచినా పలకడం లేదట.

1836 నాటి అంతర్యుద్ధంలో పుట్టిన పార్టీ అమ్మా అది. ఎవరు ఎటువైపో తెలియడానికి రెండు వర్గాలూ గుడ్డపట్టీలు కట్టుకున్నాయి. ఎదుటివాళ్లది తెలుపు. వీళ్లు మొదట నీలం కట్టుకుంటే ఎండకీ వానకీ వెలిసిపోయిందట. అప్పుడు పోంచోల లోపలి ఎర్ర అస్తరు చింపి కట్టుకున్నారని చెబుతారు. పోంచో అంటే తల దూర్చి వేసుకునే దుప్పటిలాంటిది. అప్పట్నుంచీ వీళ్లు ఎర్రపార్టీ, వాళ్లు తెల్లపార్టీ. మన దగ్గరైతే పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా!

బాట్యే అనే ఒక్క ఇంట్లోంచే నలుగురు అధ్యక్షులయ్యారు. వారసత్వ రాజకీయాలు మన సొంతమనుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. అందులో హోసే బాట్యే అనే ఆయన మీద నాకు మనసైంది. ఎనిమిది గంటల పనిదినం కోసం పట్టుబట్టినవాడు. భార్య కోరితే చాలు, కారణం చెప్పక్కర్లేకుండా విడాకులిచ్చే చట్టం 1913లోనే ఆయన హయాంలో వచ్చింది. ఆడపిల్ల తండ్రిని కదా, ఈ పాయింట్ నోట్ చేసుకున్నాను.

కానీ 1973లో ఆ పార్టీ తరఫున గెలిచిన అధ్యక్షుడే సైన్యంతో కలిసి పార్లమెంటుని మూసేశాడు. అప్పుడు ఈ పెద్దాయన ఏం చేశాడో అడుగు. జెండా ఎవరైనా పట్టుకుంటారు. తనవాళ్లే తప్పు చేస్తే ఏం చేశాడన్నది నాకు కావాలి. రేపు నీకూ మతియాస్‌కీ మాటా మాటా వస్తే ఆ ఇంట్లో నీ పక్షాన ఎవరుంటారమ్మా? నా భయమంతా అదే.

ఇట్లు, సిగ్నల్ దొరకని
నాన్న

*

టౌరంగా, ఏప్రిల్ 6

ప్రియమైన నాన్నకి,

అడిగాను. పార్లమెంటు మూసేసిన రోజే ఆయన జెండా మడిచి పెట్టెలో పెట్టేశాడట. 1984లో మళ్లీ ఎన్నికలొచ్చేదాకా తీయలేదట. ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చిన సొంత అన్నతో మాటలు మానేశాడట. "పార్టీ మీద అలిగాను గానీ పార్టీ వదల్లేదు" అన్నాడు.

"మరి మతియాస్ తప్పు చేస్తే?" అన్నాను. "జెండానే వదల్లేదు, వీణ్ని వదులుతానా! పెట్టెలో పెట్టేస్తా" అన్నాడు. మతియాస్ మొహం చూడాల్సింది!

నిన్ను ఒక ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. మా నాన్న రాడు అని చెప్పలేక షిఫ్టులున్నాయన్నాను. ఆయన తలూపాడు కానీ నమ్మినట్టు లేదు. ఒక్కసారి రా నాన్నా.

నీ శ్రావ్య

*

పాపటోయిటోయి, మే 11

నా బంగారు శ్రావ్యకి,

నెల దాటినా జవాబు లేదని అమ్మ దగ్గర ఏడ్చావట. ఏడవకు. పోయిన ఆదివారం నువ్వు హాస్పిటల్ డ్యూటీలో ఉండగా నేను టౌరంగాలోనే ఉన్నాను. నీకు చెప్పొద్దని మతియాస్ చేత ఒట్టు వేయించుకున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే నీ మొహం చూసి ఒప్పేసుకుంటానని భయం. ఆ పెద్దాయన్ని చూసి ఒప్పుకోవాలి కదా.

"పెద్దాయన దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తారా?" అంటూ మీ అమ్మ జరీ అంచు కండువా ఒకటి సంచిలో పెట్టింది. లోపల అడుగు పెట్టగానే దాన్ని ఆయన భుజాల మీద నిండుగా కప్పి నమస్కారం పెట్టాను. మతియాస్ మొహం పాలిపోయింది. ఏమైందా అని చూద్దును కదా, గోడ మీద ఎర్రజెండా, దాని కింద ఆయన, ఆయన ఒంటి మీద మల్లెపువ్వులాంటి తెల్ల కండువా! నీకు అంత పాఠం చెప్పినవాణ్ని, ఆయన్ని తీసుకెళ్లి తెల్లపార్టీలో కలిపేశాను. సిగ్గుతో చచ్చిపోయాను తల్లీ.

తీసేయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ దేశంలో ఇది గౌరవమేనా?" అన్నాడు.

"అవునండీ."

"అయితే ఉండనీ."

భోజనమంతా దాన్ని కప్పుకునే కూర్చున్నాడు. పక్కింటి ఉరుగ్వే ముసలాయన వచ్చి చూసి పగలబడి నవ్వాడు. అయినా తీయలేదు. జరీ అంచు కూరలో పడకుండా చేత్తో పట్టుకుని మరీ తిన్నాడు.

నీ పక్షాన ఎవరుంటారని అడిగాను కదా. ముక్కూ మొహం తెలియని నా పరువు కోసం అంత నవ్వులపాలైన మనిషి, నిన్ను ఒంటరిగా వదిలేస్తాడా? బయల్దేరేటప్పుడు "మా అమ్మాయి ఇక మీ అమ్మాయే" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. మతియాస్ వంటింట్లోకి పారిపోయాడు. పిల్లాడు మంచివాడే, కాకపోతే పిరికివాడు.

ఆయన లోపలికెళ్లి పాత పోంచో తెచ్చి, దాని ఎర్ర అస్తరు కత్తిరించి నా భుజాల మీద కప్పాడు. బస్సులో అదే కప్పుకుని వచ్చాను. మీ అమ్మ తలుపు తీసి, "ఇదేంటండీ, పార్టీ మారారా?" అంది.

మారానన్నాను.

ఇట్లు, కొత్తగా ఎర్రపార్టీలో చేరిన
మీ నాన్న