తడిసిన మోతి

అమీర్‌పేట, 1941
శనివారం రాత్రి

రేపు ఆరాధనకు వెళ్లాలి కదా అని పిల్లలకు తలంటి, మిగిలిన కుంకుడుకాయ రసంతో మా కుక్క మోతికి కూడా స్నానం చేయించాను. పిల్లలకు రాసినట్టే దానికీ ముందు నూనె రాయడం నా తెలివితక్కువతనం. చేతుల్లోంచి జారి, పరుగెత్తి, పొయ్యి బూడిదలో పొర్లి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి రుద్దాను. కళ్లు మండుతున్నా పిచ్చిది నా మోచేయి నాకుతూనే ఉంది.

నీళ్లు పోసేసరికి జానెడు బొచ్చూ ఒంటికి అతుక్కుపోయింది. లోపల అన్నీ ఎముకలే. ఇన్నాళ్లూ ఆ బొచ్చు చూసి, బాగానే తింటోందనుకున్నాను. ఆయన కోటు జేబులో పెట్టుకుని తెచ్చిన కూన, ఎప్పుడింత ముసలిదైపోయిందో...

పేల దువ్వెనతో చిక్కులు తీసి ఎండలో కూర్చోబెట్టాను. సాయంత్రానికి మళ్లీ దూదిమూటలా తయారైంది. ఆయన పంజాగుట్ట నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా దాని తల నిమిరారు.

"మోతి మస్తు బలిసింది గదా. ఏం పెడుతున్నవ్ దీనికి?"

మనం తినేదే అన్నాను. ఎత్తుకోవడానికి వంగారు.

"ఎత్తుకోకుండ్రి, ఇంక తడి ఆరలే" అన్నాను.

అది ఎప్పుడో ఆరిపోయింది.